సముద్రపు లోతులలోని జీవములు – వాటిని ఎరుగజేయు నూతన సాధనములు

పఠన భాగములు: ఆదికాండము 1:20–22, ద్వితీయోపదేశకాండము 22:6–7, కీర్తన 104:24–26, లూకా 5:1–7



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలోని మన సంఘములవారికి సముద్రము క్రొత్తది కాదు. బాపట్లవారికి సూర్యలంక తీరము కూతవేటు దూరము. రేపల్లెవారికి నిజాంపట్నపు రేవు ఇంటి వాకిలివంటిది. తెనాలివారు తీరమునకు దూరముగా నున్నను, వారి బజారులోనికి సముద్రపు చేపల గంపలు వచ్చుచునే యున్నవి. వారి పొలముల మురుగునీరు కాలువలగుండ ప్రవహించి తుదకు ఆ సముద్రములోనే కలియుచున్నది. కావున మనలో ఎవరును "సముద్రముతో నాకేమి పని" అని చెప్పజాలరు.

అయినను, మనకు తెలిసినది సముద్రము యొక్క పైపొర మాత్రమే. ఇంటి పైకప్పును చూచి, ఇంటిలోనివారిని ఎరుగుదునని చెప్పు బాటసారివలె మనము ఉన్నాము. అల కనబడును, నురుగు కనబడును, వలలో పడిన చేప కనబడును. దాని క్రింద ఎవరు కాపురమున్నారో, ఏమి తినుచున్నారో, ఎక్కడ పిల్లలను కనుచున్నారో మన కంటికి మరుగు.

ఇది గాక మనకు భయము కూడ కలదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను, రేపల్లె, బాపట్ల ప్రాంతములను ముంచి వేలాది ప్రాణములను హరించెను. నాటి రాత్రిని చూచిన పెద్దలు నేటికిని దానిని మరువలేదు. సముద్రమనగానే మన గ్రామములలో మొదట పుట్టునది ఆ జ్ఞాపకమే. అయితే 104వ కీర్తనకారుడు అదే సముద్రమును చూచి, అందులో లెక్కకు మించిన చిన్నవియు పెద్దవియునైన జీవములున్నవని ఆశ్చర్యపడుచున్నాడు. అతడు ఒడ్డున నిలిచి ఆశ్చర్యపడిన వాటిని మన దినములలో మనుష్యులు ఏ సాధనములచేత చూడగలిగిరో, ఆ జ్ఞానము మన తీరపు బీదవారికి ఎట్లు ఉపయోగపడుచున్నదో, అది మన మీద ఏ భారము మోపుచున్నదో ఈ నెల పాఠములో ఆలోచించెదము.

1. చేపలకు పేర్లు పెట్టినవారు

ఆదికాండము రెండవ అధ్యాయములో ఆదాము పశువులకును, పక్షులకును, అడవి జంతువులకును పేర్లు పెట్టెనని చదువుచున్నాము. చేపల ప్రస్తావన అక్కడ లేదు. ఆ పని తరువాత వచ్చిన జాలరులకు మిగిలినదని చెప్పవచ్చును. మన తీరపు పల్లెకారులు ఆ పనిని చక్కగా నెరవేర్చిరి. చందువ, వంజరము, పండుగొప్ప, కానగర్త, కవళ్లు అని ఒక్కొక్క జాతిని రూపమునుబట్టియు, కాలమునుబట్టియు వేరుపరచి పిలిచిరి.

1780 దశకములో పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లాండు దేశపు వైద్యుడు తూర్పు ఇండియా కంపెనీ కొలువులో విశాఖపట్నమున నివసించెను. ఆయన అక్కడి జాలరులు తెచ్చిన చేపలను పరీక్షించి, బొమ్మలు వ్రాయించి, వాటి తెలుగు పేర్లను వారి నోటినుండి విని వ్రాసికొనెను. రెండు వందల చేపలను వర్ణించిన ఆ గ్రంథము 1803లో లండనులో అచ్చయినది. అందులోని కానగర్త అను పేరును 1816లో కువియే అను ఫ్రెంచి పండితుడు స్వీకరించినందున, నేటికిని ప్రపంచములోని ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనను ఆ చేపను "రాస్ట్రెల్లిగర్ కనగుర్త" అనియే వ్రాయవలసియున్నది. అక్షరము రాని మన పల్లెకారుని నోటిమాట ఈ విధముగా లోకమందలి విద్వాంసుల గ్రంథములలో నిలిచిపోయినది.

ఈ సంగతి మొదట చెప్పుటకు కారణము కలదు. నూతన సాధనములు వచ్చినప్పుడు, పాతవారికి ఏమియు తెలియదని తలంచుట మనుష్యుల స్వభావము. గాని సముద్ర శాస్త్రమునకు మన తీరమున పునాది వేసినది జాలరుల ఎరుకయే. యంత్రము ఆ ఎరుకను విస్తరింపజేయును. దానిని తృణీకరించుటకు అది రాలేదు.

2. త్రాటినుండి శబ్దమునకు

పూర్వము సముద్రపు లోతు తెలిసికొనుటకు త్రాటికి సీసపు గుండు కట్టి దింపెడివారు. గుండు అడుగు తాకగానే త్రాటిని బారలతో కొలిచెడివారు. లోతు నీళ్లలో ఒక్క చోట కొలుచుటకే గంటలు పట్టెడిది. 1840 దశకములో ఎడ్వర్డు ఫోర్బ్సు అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు, 300 బారలకు, అనగా సుమారు 550 మీటర్లకు దిగువన జీవమే ఉండదని అభిప్రాయపడెను. వెలుతురు లేని చోట, అంత ఒత్తిడిలో, ఏ ప్రాణి బ్రదుకునని ఆయన వాదము. వినుటకు అది న్యాయముగానే తోచును.

తరువాత 1872 మొదలు 1876 వరకు ఛాలెంజర్ అను బ్రిటిషు ఓడ లోకమును చుట్టివచ్చెను. ఆ ఓడవారు లోతులలోనికి వలలు దింపి పైకి లాగిన కొలది, అదివరకు ఎవరును చూడని జీవములు వెలువడెను. వేల కొలది క్రొత్త జాతులను వారు లోకమునకు తెలిపిరి. జీవము లేదన్న చోటనే జీవము నిండియుండెను.

ఇరువదవ శతాబ్దములో త్రాటికి బదులు శబ్దము వచ్చినది. నీటిలో శబ్దము సెకనునకు సుమారు 1500 మీటర్లు పరుగెత్తును. గాలిలోని వేగమునకు ఇది నాలుగింతలకంటె ఎక్కువ. ఓడ అడుగునుండి ఒక శబ్దమును పంపి, అది నేలను తాకి తిరిగి వచ్చు ప్రతిధ్వనిని యంత్రముచేత విందురు. ప్రతిధ్వని రెండు సెకనులలో వచ్చినయెడల, పోవుటకు ఒకటి, వచ్చుటకు ఒకటి. కాబట్టి లోతు 1500 మీటర్లు. లోతైన బావిలోనికి కేక వేసి ప్రతిధ్వనిని వినిన పిల్లవానికి కూడ ఈ సూత్రము బోధపడును. నేడు మరపడవలలో చేపల గుంపును చూపు చిన్న పెట్టె కూడ ఇదే సూత్రముమీద పనిచేయుచున్నది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఈ యంత్రములను వాడిన నావికులకు ఒక వింత కనబడెను. పగలు కొన్ని వందల మీటర్ల లోతున నేలవంటిది ఒకటి కనబడి, సాయంకాలము కాగానే పైకి లేచి, తెల్లవారుజామున మరల దిగిపోవుచుండెను. నేల లేచుట, దిగుట ఎట్లు సంభవించును? అది నేల కాదు. కోటానుకోట్ల చిన్న చేపలు, రొయ్యవంటి ప్రాణులు ఒకే పొరగా కూడియుండుటయని తరువాత తేలెను. పగలు శత్రువుల కంటబడకుండ చీకటిలో దాగి, రాత్రి మేత కొరకు అవి పైకి వచ్చుచున్నవి. మనము నిద్రించు ప్రతి రాత్రియు లోకములోకెల్ల గొప్పదైన ఈ వలస ప్రయాణము సముద్రములో జరుగుచున్నది.

మన ఆంధ్ర దేశమునకును ఈ చరిత్రలో భాగము కలదు. 1950 దశకములో యూజీన్ లాఫాండు అను అమెరికా దేశపు సముద్ర శాస్త్రజ్ఞుడు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి, ఇక్కడి అధ్యాపకులకును విద్యార్థులకును సముద్రమును కొలుచుట నేర్పెను. కొన్ని మాసములలో మన తీరమున అడుగునీరు పైకి వచ్చుటనుగూర్చి ఆయన పరిశోధించెను. మన తూర్పు తీరము వెలుపల సముద్రగర్భములోనున్న లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అను పేర్లు ఆయన వ్రాతలలో కలవు.

3. ఆకాశమునుండి చూచు కన్ను

అడుగునీరు పైకి వచ్చుట జాలరికి ఎందుకు ముఖ్యమో గ్రహించవలెను. పొలమునకు ఎరువు ఎట్లో, సముద్రమునకు అడుగునీటిలోని లవణములు అట్లు. అవి వెలుతురు తగులు పైనీటికి చేరినప్పుడు, కంటికి కనబడని సూక్ష్మమైన పచ్చని మొక్కలు విరివిగా పెరుగును. ఇవియే సముద్రపు పచ్చిక. చిన్న ప్రాణులు వాటిని మేయును. చిన్న చేపలు ఆ ప్రాణులను తినును. పెద్ద చేపలు చిన్నవాటిని వెంటాడును. లోకములో పుట్టు ప్రాణవాయువులో దాదాపు సగము సముద్రములోని పచ్చదనమే ఇచ్చుచున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మన పొలములో నిలిచి మనము పీల్చు గాలికిని ఆ పచ్చదనమునకును సంబంధము కలదన్నమాట.

ఈ పచ్చదనము నీటి రంగును మార్చును. ఒడ్డున నిలిచిన మన కంటికి ఆ భేదము తెలియకపోవచ్చును గాని, మిక్కిలి ఎత్తునుండి చూచు యంత్రపు కంటికి తెలియును. 1999 మే 26న మన శ్రీహరికోటనుండి ఓషన్‌శాట్ అను ఉపగ్రహమును పంపిరి. అది సుమారు 720 కిలోమీటర్ల ఎత్తున భూమిని చుట్టుచు సముద్రపు రంగును కనిపెట్టెను. తరువాత 2009 సెప్టెంబరులో రెండవదియు, 2022 నవంబరు 26న మూడవదియు ఎగిరెను. ఇతర ఉపగ్రహములు నీటి వెచ్చదనమును కొలుచును. చల్లని నీరును వెచ్చని నీరును కలియు గట్టుల వెంబడి, పచ్చదనము మెండుగానున్న చోట, చేపలు గుంపుగూడుట సహజము.

ఈ రెండు కొలతలను జతపరచి జాలరులకు వార్త పంపువారు హైదరాబాదులో ఉన్నారు. 1999లో స్థాపింపబడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రమును జనులు పొట్టిగా "ఇన్‌కాయిస్" అందురు. సముద్రమునకు వందల కిలోమీటర్ల దూరమున, రాళ్లగుట్టల మధ్యనున్న పట్టణమున కూర్చుండి వారు సముద్రమును చూచుచున్నారు. ఏ రేవునుండి ఏ దిక్కునకు, ఎన్ని కిలోమీటర్ల దూరమున, ఎంత లోతు నీటిలో చేపలు దొరకు అవకాశమున్నదో తెలుగుతో సహా తీరప్రాంతపు భాషలలో తెలియజేయుచున్నారు. వేట నిషేధ దినములలో ఈ వార్త ఉండదు. మబ్బులు కమ్మిన దినమున ఆ కంటికి సముద్రము కనబడదు గనుక అప్పుడును వార్త రాదు.

లూకా సువార్త ఐదవ అధ్యాయములోని సీమోను రాత్రియంతయు ప్రయాసపడి ఒక్క చేపయు పట్టలేదు. ఆ వట్టి వల యొక్క బాధ నిజాంపట్నములోని పడవవానికి బాగుగా తెలియును. అతడు డీజిలు అప్పుగా తెచ్చుకొనును. సముద్రమంతయు వెదకి వట్టి చేతులతో వచ్చినయెడల, చేప లేకపోవుటయే గాక అప్పు మిగులును. వెదకు దూరమును తగ్గించు వార్త అతని ఇంటిలోని కూటి కుండను నిలుపును. అయితే ఈ వార్త అద్భుతము కాదు, వాగ్దానమును కాదు. చేపలు ఉండదగిన చోటును అది చూపునేగాని, వల నింపెదనని మాట ఇయ్యదు. ఈ భేదమును జాలరులకు స్పష్టముగా చెప్పుట మంచిది.

4. మునిగి తేలు దూతలు

ఉపగ్రహము నీటి పైభాగమునే చూడగలదు. లోపలి సంగతి ఎవరు చెప్పుదురు? ఇందుకు "ఆర్గో" అను తేలుడు యంత్రములను చేసిరి. ఒక్కొక్కటి మనిషి ఎత్తున నుండు గొట్టమువంటిది. చేప తన కడుపులోని గాలితిత్తిచేత నీటిలో పైకి, క్రిందికి పోవును గదా. ఈ యంత్రమును అట్లే ఒక తిత్తిలోనికి నూనెను పంపి పైకి లేచును, నూనెను వెనుకకు తీసికొని దిగును. 1000 మీటర్ల లోతున ప్రవాహముతో కొట్టుకొనిపోయి, పిమ్మట 2000 మీటర్లకు దిగి, పైకి వచ్చుచు దారిలోని నీటి వెచ్చదనమును, ఉప్పదనమును కొలుచును. పైకి వచ్చిన వెంటనే ఆ లెక్కను ఉపగ్రహమునకు పంపి, మరల మునుగును. పది దినములకు ఒకసారి ఈ పని జరుగును. లోకమంతట ఇట్టివి నాలుగు వేలకు దగ్గరగా నున్నవి. మన బంగాళాఖాతములోను ఉన్నవి. కొన్ని క్రొత్తవాటికి నీటిలోని ప్రాణవాయువును, పచ్చదనమును కొలుచు శక్తి కూడ కలదు.

వీటివలన మన బంగాళాఖాతము యొక్క స్వభావము మరి కొంత తెలిసినది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ మొదలగు నదులు తెచ్చు మంచినీరు ఉప్పునీటికంటె తేలిక గనుక పైన పొరగా నిలుచును. ఆ పొర మూతవలె నుండి, అడుగునున్న ఎరువునీటిని సులభముగా పైకి రానియ్యదు. అందుచేత మన సముద్రము అరేబియా సముద్రమంత సారవంతము కాదు. మరియు మన సముద్రములో సుమారు నూరు మీటర్ల దిగువన ప్రాణవాయువు మిక్కిలి తక్కువగానున్న పొర ఒకటి కలదు. అనేక చేపలు అందులో బ్రదుకలేవు. మన సముద్రము హద్దులేని కొట్టు కాదని ఈ యంత్రములు మనకు బోధించుచున్నవి. దాని సంపద కొలతగలది.

ఇట్టి యంత్రములు ప్రాణములను కాపాడుటకును తోడ్పడుచున్నవి. నీటిలో ఎంత వేడి దాగియున్నదో తెలిసినప్పుడు తుఫాను బలమును అంచనా వేయుట సులభమగును. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన తరువాత, 2007లో ఇన్‌కాయిస్‌లోనే సునామీ హెచ్చరిక కేంద్రమును ప్రారంభించిరి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను మన బాపట్ల దగ్గరనే తీరము దాటెను. పంటలకు నష్టము కలిగెను గాని, హెచ్చరిక ముందే వచ్చినందున తీరపు జనులు కదలి వెళ్లుటకు సమయము దొరికెను. 1977లోని మన పెద్దలకు ఆ సమయము దొరకలేదు.

5. చీకటి లోతులకు దిగినవారు

సముద్రములో పది మీటర్లు దిగిన కొలది మీదనున్న నీటి బరువు మన గాలి బరువంత పెరుగును. 6000 మీటర్ల లోతున ఆ ఒత్తిడి పైనున్నదానికి ఆరు వందల రెట్లు. 200 మీటర్లు దాటిన తరువాత వెలుతురు మిక్కిలి సన్నగిలును. 1000 మీటర్ల క్రింద సూర్యుని వెలుగు బొత్తిగా లేదు.

1960 జనవరి 23న జాక్ పికార్డు, డాన్ వాల్షు అను ఇద్దరు ట్రియెస్టు అను ఇనుప గోళములో కూర్చుండి, పసిఫిక్ మహాసముద్రములోని అన్నిటికంటె లోతైన చోటునకు, సుమారు 10,900 మీటర్లకు దిగిరి. 1977 ఫిబ్రవరిలో, అనగా మన ఉప్పెనకు తొమ్మిది నెలల ముందు, అమెరికావారు ఆల్విన్ అను చిన్న జలాంతర్గామిలో గాలాపగోసు దీవుల యొద్ద రెండున్నర కిలోమీటర్ల లోతునకు దిగి, సముద్రపు నేలలోని పగుళ్లనుండి వేడినీరు ఉబుకుట చూచిరి. ఆ వేడినీటి చుట్టు గుల్లలును, పురుగులును గుంపులుగా బ్రదుకుచుండెను. సూర్యుని వెలుగు ఎన్నడును తగలని ఆ చోట, రాతినుండి వచ్చు గంధకపు పదార్థములను ఆహారముగా మార్చు సూక్ష్మజీవులే వాటికి ఆధారము. జీవమునకు వెలుగే మూలమని అదివరకు చదివిన పండితులు తమ పుస్తకములను దిద్దుకొనవలసివచ్చెను.

యోబు గ్రంథము 38వ అధ్యాయములో, సముద్రపు ఊటలలోనికి నీవు వెళ్లితివా అను భావముగల ప్రశ్న యోబునకు వేయబడెను. నాడు "లేదు" అనుటయే జవాబు. నేడు కొందరు వెళ్లిరి. వెళ్లినవారు గర్వముతో గాక మరి ఎక్కువ ప్రశ్నలతో తిరిగి వచ్చిరి.

మన దేశమును ఈ పనిలో దిగియున్నది. 2021లో కేంద్ర ప్రభుత్వము లోతు సముద్రముల పరిశోధనకు 4077 కోట్ల రూపాయల ప్రణాళికను అంగీకరించెను. చెన్నైలోని జాతీయ మహాసముద్ర సాంకేతిక సంస్థవారు "మత్స్య 6000" అను వాహనమును నిర్మించుటకు పూనుకొనిరి. ముగ్గురు మనుష్యులు 6000 మీటర్ల లోతునకు దిగుటకు దానిని ఉద్దేశించిరి. వారు కూర్చుండు గోళము యొక్క అడ్డుకొలత 2.1 మీటర్లు మాత్రమే. దానిని టైటానియమను గట్టి లోహముతో చేయవలెను. 2025 ఆరంభములో చెన్నై దగ్గరనున్న కాట్టుపల్లి రేవులో దీనిని నీటిలో దింపి పరీక్షించిరి. అదే సంవత్సరము ఆగస్టులో మన దేశస్థులిద్దరు ఫ్రెంచివారి నాటీల్ అను వాహనములో అట్లాంటిక్ మహాసముద్రమున దిగి అనుభవము గడించిరి. ఒకరు 4000 మీటర్లును, మరియొకరు 5000 మీటర్లును దాటిరి.

ఇంతగా శ్రమించినను, 2025 నాటికి లోకమందలి సముద్రపు నేలలో నాలుగింట ఒక వంతుకు కొంచెము మించి మాత్రమే సరిగా కొలువబడినది. మిగిలినదంతయు రాబోవు తరములకు ఉన్నది. మన గ్రామములలో లెక్కలును విజ్ఞానమును శ్రద్ధగా చదువు పిల్లలు ఈ సంగతి జ్ఞాపకముంచుకొందురు గాక.

6. తాబేలు రెక్కమీది బిళ్ల, నీటిలోని ఆనవాలు

మన సూర్యలంక, నిజాంపట్నము తీరములకు చలికాలము మొదలుకొని ఎండలు ముదురు వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. తల్లి రాత్రివేళ ఇసుకలో గొయ్యి త్రవ్వి, సుమారు నూరు గ్రుడ్లు పెట్టి, పూడ్చి, వెనుకకు చూడక సముద్రములోనికి వెళ్లిపోవును. 45 మొదలు 60 దినములలో పిల్లలు వెలువడును. ఇసుక ఎక్కువ వెచ్చగానున్నయెడల ఆడపిల్లలు ఎక్కువగాను, చల్లగానున్నయెడల మగపిల్లలు ఎక్కువగాను పుట్టునని పరిశోధకులు కనుగొనిరి.

అవి ఎక్కడికి పోవుచున్నవి? ఈ ప్రశ్నకు జవాబు కొరకు కొన్నింటి వీపున ఉపగ్రహమునకు సూచన పంపు చిన్న యంత్రమును అంటింతురు. అనేకమైనవాటి రెక్కకు సంఖ్యగల లోహపు బిళ్లను తగిలింతురు. 2021 మార్చిలో ఒడిశా తీరమున ఇట్టి బిళ్ల కట్టిన ఒక తల్లి తాబేలు, 2025 జనవరిలో దేశపు అవతలి ప్రక్కన, మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా గుహాగర్ తీరమున గ్రుడ్లు పెట్టుచు కనబడెను. అది ఈదిన దూరము కనీసము 3500 కిలోమీటర్లని లెక్కించిరి. తూర్పు తీరపు తాబేళ్లు వేరు, పడమటి తీరపు తాబేళ్లు వేరు అని తలంచినవారికి అది ఆశ్చర్యము కలిగించెను. ఒక చిన్న బిళ్ల రెండు తీరముల కథను కలిపినది.

మరియొక క్రొత్త పద్ధతి ఇంకను వింతగా నున్నది. ప్రతి ప్రాణియు నీటిలో తన చర్మపు పొట్టును, జిగటను, మలమును విడుచుచుండును. అందులో ఆ జాతికి మాత్రమే చెందిన వంశపు గుర్తు ఉండును. ఒక సీసాడు నీటిని వడగట్టి ఆ గుర్తులను చదివినయెడల, వల వేయకయే ఆ నీటిలో ఏ యే జాతులు తిరిగినవో తెలిసికొనవచ్చును. తెల్లవారుజామున ఇసుకమీది అడుగుజాడలను చూచి రాత్రి ఎవరు వెళ్లిరో చెప్పు కావలివాని నేర్పువంటిది ఇది.

7. ఎరిగినవాని భారము

ఇప్పుడు పాఠము యొక్క ముఖ్యాంశమునకు వచ్చుచున్నాము. చేపలు ఎక్కడ నున్నవో చూపు కన్ను రెండు విధములుగా వాడబడవచ్చును. బీద జాలరి డీజిలును, శ్రమను మిగుల్చుకొనుటకు అది సాయపడును. ఆశగలవాడు మిగిలిన చేపలనుకూడ వెదకి తుడిచివేయుటకును అదే సాయపడును. పూర్వము చేపలకు సముద్రపు విశాలతయే కోట. జాలరికి తెలియని చోట అవి దాగి పిల్లలను పెంచెడివి. నేడు ఆ కోట గోడలు పారదర్శకములాయెను. దాగుటకు చోటులేని జీవమును కాపాడవలసినది పట్టువాని మనస్సాక్షియే.

ఆదికాండము మొదటి అధ్యాయమును జాగ్రత్తగా చదివినయెడల ఒక విషయము తెలియును. ఫలించి వృద్ధిపొందుడను ఆశీర్వాదము నరునికి రాకమునుపే సముద్ర జీవములకు ఇయ్యబడెను. గ్రంథములోని మొదటి ఆశీర్వాదము వాటిదే. దోమతెరవలె సన్నని కన్నులుగల వలతో పిల్లచేపలను ఊడ్చువాడు ఆ మాటకు ఎదురు నిలుచుచున్నాడు. ద్వితీయోపదేశకాండములో పక్షి గూడు దొరికినవానికి ఒక కట్టడ కలదు: పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెను. తల్లి ఉన్నయెడల రేపును గూడు ఉండును. ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు, 61 దినములు, తూర్పు తీరమున మరపడవల వేటను ప్రభుత్వము నిషేధించుట ఈ తలంపునకు సమీపముగా నున్నది. అది అనేకమైన చేపలు గ్రుడ్లు పెట్టు కాలము.

అయితే ఒక మాట న్యాయముగా చెప్పవలెను. ఆ 61 దినములు పడవ యజమానికి నష్టము. కూలికి పోవు పడవపనివానికి ఆకలి. చేపల గంప మోయు విధవరాలికి ఆ దినములలో అమ్ముటకు ఏమియు లేదు. తల్లిచేపను విడువుమని బోధించు మనము, ఆ ఇంటి తల్లిని విడిచినయెడల మన బోధకు విలువ ఏది? నిషేధకాలములో ప్రభుత్వమిచ్చు భృతి అర్హులైనవారికి చేరినదో లేదో విచారించుట, దరఖాస్తు వ్రాయుటకు సాయపడుట, సంఘపు ధర్మనిధిలో ఆ దినములకు కొంత ఉంచుట మన పనులే.

తాబేళ్ల విషయమును అట్టిదే. తాబేలు ఊపిరి పీల్చుటకు నీటిపైకి రావలెను. లాగుడు వలలో చిక్కినది పైకి రాలేక చనిపోవును. వలలో కమ్మీల చట్రమును, తప్పించుకొను ద్వారమును అమర్చినయెడల చేపలు లోపల నిలుచును, తాబేలు వెలుపలికి పోవును. ఆ ద్వారముగుండ కొన్ని చేపలును పోవునని పడవవారి బాధ. వారిని దూషించుటకంటె, వారి నష్టమును విని, వారితో మాటలాడుట మేలు.

8. మన సంఘములు చేయదగినవి

మొదటిది, ఫోనులోని సముద్ర వార్తలను చదువలేని వృద్ధ జాలరులు ఇంకను ఉన్నారు. చదువుకొన్న యౌవనులు ప్రతి సాయంకాలము వారికి చదివి వినిపించవలెను. హెచ్చరిక అందరికిని వచ్చును. అర్థమైనవానినే అది కాపాడును.

రెండవది, పెద్దల ఎరుకను వ్రాసియుంచవలెను. గాలి మార్పు, నీటి రంగు, పక్షుల గుంపు, ఆటుపోట్ల లెక్క, చేపల పేర్లు వారి నోటనే ఉన్నవి. రస్సెల్ రెండు వందల యేండ్ల క్రిందట చేసిన పనిని మన ఆదివారపు పాఠశాల పిల్లలు ఒక నోటుపుస్తకములో చేయగలరు.

మూడవది, తాబేళ్లు వచ్చు నెలలలో తీరమున నున్న ఇండ్లవారు రాత్రులు సముద్రమువైపు దీపములను తగ్గించవలెను. పిల్ల తాబేళ్లు వెలుగును చూచి అది సముద్రమనుకొని ఊరిలోనికి పాకివచ్చి చనిపోవును. గ్రుడ్లను తీయక, అటవీశాఖవారికి కబురు పంపవలెను.

నాలుగవది, తెనాలి మొదలగు తీరమునకు దూరమైన ప్రాంతపు సంఘములవారికి: మీ వీధి కాలువలో పడిన ప్లాస్టిక్కు సంచి, మీ పొలములో అవసరమునకు మించి చల్లిన మందు, మురుగు కాలువలగుండ మీ సహోదరుని వలలోనికే చేరుచున్నవి. సముద్రమును మీరు చూడకపోయినను, సముద్రము మిమ్మును ఎరుగును.

సముద్రపు లోతులను చూచుటకు మనుష్యుడు శబ్దమును, ఉపగ్రహమును, ఇనుప గోళమును సాధనములుగా చేసికొనెను. ఆ సాధనములు మనకు చూపిన లోకము మనము తలంచినదానికంటె విశాలమైనది, మరియు మనము తలంచినదానికంటె సుకుమారమైనది. ఈ రెండు మాటలను కలిపి జ్ఞాపకముంచుకొనినయెడల ఈ నెల పాఠము వ్యర్థము కాదు.

కూటములలో చర్చించుటకు ప్రశ్నలు

1. 300 బారల దిగువన జీవము లేదన్న తలంపు ఎట్లు తప్పని తేలెను? తెలియని దానినిగూర్చి మనము తొందరపడి తీర్పు చెప్పు సందర్భములేవి?

2. చేపలున్న చోటును చూపు వార్త మన ఊరి చిన్న పడవవానికి అందుచున్నదా? అందనియెడల అడ్డమేమి?

3. ద్వితీయోపదేశకాండము 22:6–7లోని కట్టడను నేటి చేపల వేటకు ఎట్లు అన్వయించుకొనవచ్చును?

4. వేట నిషేధ దినములలో కష్టపడు కుటుంబములు మన సంఘములో ఎన్ని? ఈ సంవత్సరము వారి కొరకు మనమేమి చేయగలము?

5. మీ ఊరి పెద్దలకు తెలిసిన సముద్రపు చేపల పేర్లు ఎన్నియో లెక్కించి, వచ్చే కూటమునకు వ్రాసి తీసికొనిరండి.